‘మా మనిషి కాదు’ అన్నారు: చీమకుర్తి క్వారీ కూలీ నష్టపరిహారం కేసు

చీమకుర్తి క్వారీలో కూలీకి దెబ్బ తగిలిందని కేసు వస్తే నేను చట్టం పుస్తకం చివర్లో తీస్తాను. ముందు చూసేది కూలీ ఫోను. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టంలో యజమాని తప్పు చేశాడని రుజువు చేయాల్సిన పని లేదు. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితే చాలు. ఎంత ఇవ్వాలో కూడా పట్టికలు వేసి పెట్టారు. ఎదుటివాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అందుకే తప్పొప్పుల జోలికి పోకుండా మొదటి మాటగా ‘అతనెవరో మాకు తెలీదు’ అంటారు. వలస కూలీ కేసుల్లో సగం అక్కడే పోతాయి.

ఈ కేసు అలా పోలేదు. ఎందుకు పోలేదో రాస్తే జిల్లాలో ఇలాంటి పనులు చూసే జూనియర్లకూ, పారాలీగల్ వాలంటీర్లకూ, యూనియన్ వాళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను. నేను ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచిత న్యాయ సహాయం కేసులు చేసే ప్యానెల్ లాయరుని.

జరిగింది

కక్షిదారు ఒడిశాలోని గంజాం జిల్లా కుర్రాడు. దెబ్బ తగిలేనాటికి 24 ఏళ్ళు. ఊళ్ళో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముఠాతో కలిసి రైలెక్కి ఒంగోలులో దిగాడు. పని చీమకుర్తి దగ్గర గెలాక్సీ గ్రానైట్ క్వారీలో బ్లాకు డ్రెస్సింగ్. అంటే కొండ నుంచి విడగొట్టిన రాయిని డ్రిల్లుతో, సమ్మెటతో చదరం చేసి, ఎగుమతికి పనికొచ్చే సైజుకి తేవడం.

ఆ పని తెలియనివాళ్ళకి బ్లాకంటే ఏమిటో చెప్పాలి. మూడు మీటర్ల పొడవు, మీటరున్నర పైచిలుకు వెడల్పూ ఎత్తూ ఉన్న రాయి అనుకోండి. ఈ రాయి ఘనపు మీటరు దాదాపు మూడు టన్నులు తూగుతుంది. కాబట్టి ఆ బ్లాకు ఇరవై టన్నుల పైమాటే. దాని అడుగు భాగం డ్రెస్సింగ్ చేయాలంటే పొక్లెయిన్ బకెట్టు పళ్ళతో ఒక అంచు లేపుతుంది. లేపినప్పుడు కింద రాతి ముక్కలు ఆనిక పెట్టాలి. ముక్కని కర్రతో తోయాలి, చెయ్యి పెట్టకూడదు అన్నది అందరికీ తెలిసిన నియమం. కర్రతో తోస్తే ముక్క వంకరగా కూర్చుంటుంది. వంకరగా కూర్చుంటే దించి మళ్ళీ లేపాలి. డ్రెస్సింగ్ గుత్త లెక్క, పొక్లెయిన్ గంట లెక్క. రెండుసార్లు లేపితే ఆపరేటరు విసుక్కుంటాడు, మేస్త్రీ అరుస్తాడు. అందుకని చెయ్యి పెడతారు. ఆ రోజూ పెట్టాడు, అంచు జారింది.

ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మొదలంటా పోయాయి. చిటికెన వేలు మిగిలింది గానీ బిగుసుకుపోయింది. ఆ చిటికెన వేలి సంగతి మళ్ళీ వస్తుంది.

108కి ఎవరూ ఫోన్ చేయలేదు. నేను ఎప్పుడూ మొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. 108 వస్తే ఎక్కడ ఎక్కించుకున్నారో రికార్డవుతుంది. క్వారీ జీపులో తీసుకుపోతే ఏ రికార్డూ ఉండదు. జీపులోనే ఒంగోలుకి తెచ్చి ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. వెంట వచ్చిన సూపర్‌వైజరు ‘బండి చెయిన్‌లో వేళ్ళు పడ్డాయి’ అని చెప్పాడు. కేసు షీట్లో అదే ఎక్కింది. మెడికో లీగల్ కేసు (ఆసుపత్రి పోలీసులకు తెలపాల్సిన కేసు) కాలేదు, పోలీసులకు కబురు పోలేదు. ఆపరేషన్ అయ్యాక, ఇంకా కట్టు విప్పకముందే, వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించారు. ‘నా అజాగ్రత్త వల్ల నా సొంత పనిలో దెబ్బ తగిలినది, మానవతా దృక్పథంతో ఇచ్చిన రూ. 60,000 ముట్టినవి, ఇకమీదట నాకుగానీ నా వారసులకుగానీ ఎటువంటి హక్కూ లేదు’ అన్నది అందులోని సారాంశం. అంతా తెలుగులో ఉంది. అతనికి తెలుగు మాట్లాడటం ఓ మాదిరిగా వచ్చు, చదవడం రాదు. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి ఒడియాలో సంతకం పెట్టాడు. టికెట్టు కొని రైలెక్కించారు.

ఇది 2023 వేసవి మాట. ఇంటికెళ్ళిన కొన్ని నెలలకు ఎవరో చెబితే 15100కి ఫోన్ చేశాడు. అది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ ఉచిత నంబరు. అక్కడి నుంచి గంజాం జిల్లా సంస్థకు, అక్కడి నుంచి ఒంగోలుకు కాగితం వచ్చింది. రెండేళ్ళలోపు క్లెయిము వేయాలన్నది చట్టం గడువు. అప్పటికి గడువు బాగానే మిగిలి ఉంది.

ఎక్కడ వేయాలి

1995 సవరణ తర్వాత ఈ క్లెయిము ప్రమాదం జరిగిన చోటే కాకుండా కూలీ ఉండే జిల్లాలోనూ వేయొచ్చు. అతనికి గంజాం జిల్లాలోని బ్రహ్మపురంలో వేస్తే సులువు. వాయిదాకి బస్సులో వెళ్ళి రావచ్చు. ఇంట్లోవాళ్ళూ అదే కోరారు. నేను వద్దన్నాను. అక్కడ వేస్తే ఇక్కడివాళ్ళు హాజరు కారు, ఎక్స్‌పార్టీ ఆర్డరు వస్తుంది. ఆ ఆర్డరు పట్టుకుని రెవెన్యూ రికవరీకి (భూమిశిస్తు బకాయిలా వసూలు చేయించడానికి) మళ్ళీ ఈ జిల్లాకే రావాలి. వచ్చాక వాళ్ళు ‘మాకు నోటీసే అందలేదు’ అంటారు, కథ మొదటికొస్తుంది. అంతకంటే పెద్ద కారణం సాక్ష్యం. ఉన్న కాస్త సాక్ష్యం చీమకుర్తిలోనే ఉంది. ఒంగోలులో కార్మిక శాఖ అధికారి కమిషనర్ హోదాలో వినే చోటే వేశాం. ప్రతి వాయిదాకీ అతను రానక్కర్లేదని, సాక్ష్యం ఇచ్చే రోజు వస్తే చాలని ముందే చెప్పాను.

ఎవరి మీద వేయాలి

క్వారీ లీజు ఒకరిది. రాయి తీసే పని రైజింగ్ కాంట్రాక్టు మీద ఇంకొకరిది. అతని కింద డ్రెస్సింగ్ గుత్తకి తీసుకున్న మేస్త్రీ. ఆ మేస్త్రీదీ గంజామే, ఇతని పక్క ఊరే. కూలీకి తెలిసిన యజమాని మేస్త్రీ ఒక్కడే. లీజుదారుని ఒక్కసారి కారులో పోతుంటే చూశాడట.

ఇలాంటప్పుడు కుటుంబాలు మేస్త్రీ మీద కేసు వేయమంటాయి. కోపం అతని మీదే ఉంటుంది మరి. ఆ మేస్త్రీ మీద ఆర్డరు తెచ్చుకుని ఏం చేసుకుంటారు? ఆయనకి గంజాంలో ఓ రేకుల ఇల్లు, ఇక్కడో సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు ఉన్నాయి. చట్టం 12వ సెక్షన్ ఈ చిక్కు తీర్చడానికే ఉంది. అసలు యజమాని తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిస్తే, కాంట్రాక్టరు మనుషులకు కూడా తన సొంత మనుషులకిచ్చినట్టే పరిహారం ఇవ్వాలి. తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటాడో మానుకుంటాడో అది వాళ్ళ గొడవ. రాయి తీయడమే వ్యాపారమైన లీజుదారుకి బ్లాకు డ్రెస్సింగ్ తన వ్యాపారంలో భాగం కాదనడం కష్టం. లీజుదారుని మొదటి ప్రతివాదిగా, కాంట్రాక్టరుని రెండో ప్రతివాదిగా పెట్టాం. మేస్త్రీని మూడో ప్రతివాదిగా పెట్టాం గానీ అతని మీద ఏమీ కోరలేదు.

మేస్త్రీ ఒకసారి నా ఆఫీసుకి వచ్చాడు. ‘సార్, నేను నిజం చెబితే రేపు నా ముఠాకి ఏ క్వారీలోనూ పని ఉండదు. అబద్ధం చెబితే ఊళ్ళో నా మొహం ఎవరూ చూడరు’ అన్నాడు. అతన్ని విలన్ని చేసి రాయడం తేలిక. అడ్వాన్సు పట్టుకుని మనుషుల్ని తెచ్చింది అతనే, స్టాంపు పేపరు మీద సాక్షి సంతకం అతనిదే. అయినా దెబ్బ తగిలిన రాత్రి ఆసుపత్రిలో కూర్చున్నదీ అతనే. నేను అతన్ని బోనెక్కించకూడదనుకున్నాను. అతని బ్యాంకు ఖాతాని ఎక్కించాను.

లెక్క లేని పనికి లెక్క ఎక్కడుంది

హాజరు పట్టీ లేదు, పే స్లిప్పు లేదు, గుర్తింపు కార్డు లేదు. అప్పట్లో అమల్లో ఉన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 ప్రకారం, కూలీ ఫోటో అంటించిన పాసుబుక్కుని కాంట్రాక్టరు ఇవ్వాల్సి ఉండేది. అలాంటి పాసుబుక్కు నేను చూసిన ఏ కేసులోనూ కనపడలేదు. ఒడిశాలో దాదన్ పద్ధతిలో, అంటే అడ్వాన్సిచ్చి, మనుషుల్ని తోలుకుపోయే అన్యాయం చూసి తెచ్చిన చట్టం అది. ఆ దాదన్ కూలీల మనవళ్ళ తరం ఇప్పుడు మన క్వారీల్లో ఉంది.

అయితే కాగితం లేదంటే లెక్క లేదని కాదు. డబ్బు చేతులు మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు రాసుకుంటారు. కాకపోతే వాళ్ళు రాసేది మన కోసం కాదు.

మొదటిది తల్లి బ్యాంకు ఖాతా. కుర్రాడు చేతికి డబ్బు తీసుకునేవాడు కాదు. మేస్త్రీ నేరుగా తల్లి ఖాతాకి ఫోన్‌పే చేసేవాడు. తల్లి బ్యాంకు స్టేట్‌మెంటులో ప్రతి నెలా మేస్త్రీ పేరు ఉంది, ఒక్కోసారి 11,000, ఒక్కోసారి 12,000. ఇది మేస్త్రీకీ కుర్రాడికీ మధ్య లంకె. క్వారీకి లంకె కావాలంటే మేస్త్రీకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపాలి. 23వ సెక్షన్ కింద కమిషనర్‌కి సాక్షుల్నీ, కాగితాల్నీ పిలిపించే విషయంలో సివిల్ కోర్టు అధికారాలుంటాయి. మేస్త్రీ ఖాతా స్టేట్‌మెంటు బ్యాంకు నుంచి తెప్పించమని దరఖాస్తు పెట్టాం. కాంట్రాక్టరు ఫర్మ్ ఖాతా నుంచి పెద్ద మొత్తం పడిన రోజునో మర్నాడో చిన్న చిన్న మొత్తాలు గంజాం ఖాతాలకు పోయాయి. అందులో మన తల్లి ఖాతా ఒకటి. నెల తర్వాత నెల అదే వరస. దీని మీద క్రాస్ ఎగ్జామినేషన్‌కి కాంట్రాక్టరు తరఫు సాక్షి దగ్గర జవాబు లేకపోయింది.

రెండోది కిరాణా కొట్టు పుస్తకం. నాకు ఈ కేసులో బాగా నచ్చిన సాక్ష్యం ఇదే. క్వారీలకు దగ్గర్లో ఓ ఆవిడ కొట్టు నడుపుతుంది. ఒడిశా వాళ్ళ కోసమని ఆవనూనె ప్యాకెట్లు, అటుకులు తెప్పించి పెడుతుంది. ఒక్కో క్వారీకి ఒక్కో పుస్తకం, ఒక్కో షెడ్డుకి కొన్ని పేజీలు. పేర్లు ఆవిడ నోటికొచ్చినట్టు రాసుకుంది. మనవాడి పేరు ‘పొడుగు బాబు’. పక్కన ఫోన్ నంబరు రాసి ఉంది, అది కుర్రాడి నంబరే. అది లేకపోతే ఆ పేజీ ఎందుకూ పనికొచ్చేది కాదు. వారం వారం బియ్యం, నూనె, బంగాళాదుంపలు, ఖైనీ. దెబ్బ తగిలిన రోజుతో పద్దు ఆగిపోయింది. కింద బాకీ 2,140 అని గీత గీసి, దాని పక్కన ‘కాంట్రాక్టరు ఇచ్చారు’ అని రాసి ఉంది. తెలియని మనిషి కొట్టు బాకీ కాంట్రాక్టరు ఎందుకు కడతాడు?

ఆవిడ పుస్తకం ఇవ్వనంది. ‘ఆ క్వారీ బేరం పోతే నా కొట్టు మూసుకోవాల, బాబూ. నా అంతట నేను ఇచ్చానంటే బతకనివ్వరు. ఆఫీసరు పిలిస్తే మాత్రం తెస్తాను, తప్పదు గదా’ అంది. సమన్లు పంపించాం. చెప్పినట్టే పుస్తకం పట్టుకొచ్చి, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి వెళ్ళిపోయింది. సాక్షిని ఇష్టంగా రమ్మనడం కంటే సమన్లతో రప్పించడమే ఒక్కోసారి ఆ సాక్షికి మనం చేసే మేలు.

మూడోది వీడియో. కుర్రాడి ఫోను క్వారీలోనే పగిలిపోయింది. కానీ అంతకుముందు ఒకరోజు బ్లాకు మీద నిలబడి తీసుకున్న వీడియో చెల్లెలికి వాట్సాప్‌లో పంపాడు. ఎగుమతి బ్లాకుల మీద పెయింటుతో నంబరూ, క్వారీ గుర్తూ, కొలతలూ రాస్తారు. ఆ వీడియోలో పాట మోగుతుంటే ఇతను చేతులూపుతున్నాడు. కాళ్ళ కింద పసుపు పెయింటుతో లీజుదారు ఇంగ్లీషు పొడి అక్షరాలూ, బ్లాకు నంబరూ స్పష్టంగా ఉన్నాయి. మెసేజి వచ్చిన తేదీ చెల్లెలి ఫోన్లో ఉంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఆమె చేతే ఇప్పించాం. అప్పటికి పాత సాక్ష్యాల చట్టం 65బి. 2024 జులై 1 తర్వాతైతే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ చూసుకోవాలి.

నాలుగోది వాళ్ళ దగ్గర ఉండాల్సిన రిజిస్టరు. క్వారీ అంటే చట్టం దృష్టిలో గని. అప్పటి 1952 గనుల చట్టం ప్రకారం పనిచేసే ప్రతి మనిషి పేరూ రిజిస్టరులో ఉండాలి. అంగం పోయేంత దెబ్బ తగిలితే గనుల భద్రతా అధికారులకు నోటీసు పంపాలి. నెల్లూరులో ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెడితే, ఆ తేదీకి ఆ క్వారీ నుంచి ప్రమాదం నోటీసేదీ అందలేదని జవాబొచ్చింది. రిజిస్టరు తెమ్మని కమిషనర్ ఆదేశిస్తే పాడైపోయిందన్నారు. ఉండాల్సిన కాగితం ఉంచుకోనివాడు, ఆ కాగితం లేదు కాబట్టి మనిషీ లేడని వాదించడం కుదరదు. కమిషనర్ ఆర్డర్లో ఈ మాట దాదాపు ఇలాగే వచ్చింది.

తోటి కూలీల సాక్ష్యం కోసం నేను పెద్దగా ప్రయత్నించలేదు. ముఠా అప్పటికే వేరే క్వారీకి మారింది. వాళ్ళని పిలిచి అబద్ధం చెప్పించుకోవడం కంటే పిలవకపోవడం నయం.

మాట మార్చిన తీరు

బ్యాంకు స్టేట్‌మెంట్లు వచ్చాక ప్రతివాదుల వాదన మారింది. మా మనిషి కాదన్నవాళ్ళు, ఒకవేళ మా మనిషే అయినా ఈఎస్ఐకి (ఉద్యోగుల రాజ్య బీమాకి) వెళ్ళాలి గానీ ఇక్కడికి కాదన్నారు. వాళ్ళకే ఉన్న పాలిషింగ్ ఫ్యాక్టరీ ఈఎస్ఐ నంబరు చూపించారు. ఈఎస్ఐ వర్తించే చోట ఈ చట్టం కింద క్లెయిము నడవదన్నది నిజమే. కానీ అప్పటి ఈఎస్ఐ చట్టంలో ఫ్యాక్టరీ నిర్వచనం నుంచి గనుల్ని తీసేశారు. దెబ్బ తగిలింది గనిలో. పాత చట్టం కిందికొచ్చే చీమకుర్తి కేసుల్లో ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. అదే ఒడిశా కుర్రాడు, అదే యజమాని, ఫ్యాక్టరీలో స్లాబు పడి దెబ్బ తగిలితే దారి వేరు, క్వారీలో తగిలితే దారి వేరు.

తర్వాత జీతం దగ్గర పట్టుకున్నారు. నెలకి 9,000 మాత్రమే ఇచ్చామన్నారు. చట్టం ప్రకారం పరిహారానికి లెక్కలోకి తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000. 2020 జనవరి 3 నుంచి ఇది అమల్లోకి వచ్చింది, అంతకుముందు 8,000 ఉండేది. ఇంటికి పంపిందే నెలకి 11,000 పైన, కొట్టు పుస్తకంలో తిండి ఖర్చు మూడు వేల పైన, అడ్వాన్సు కోత వేరే. తొమ్మిది వేల జీతగాడు నెలకి పద్నాలుగు వేలు ఎలా ఖర్చు పెట్టాడో చెప్పమని అడిగాను. 15,000కి ఖాయమైంది.

చిటికెన వేలు

ఇక డబ్బు. 24 ఏళ్ళ వయసుకి చట్టం నాలుగో షెడ్యూలులో గుణకం 218.47. జీతంలో 60 శాతం అంటే 9,000. రెండూ గుణిస్తే 19,66,230. ఇది పూర్తిగా పనికి పనికిరాకుండా పోయినవాడికి. పాక్షికమైతే మొదటి షెడ్యూలులో ఏ అంగానికి ఎంత శాతమో ఉంటుంది. ఒక చేతి మూడు వేళ్ళు పోతే 30 శాతం, నాలుగు వేళ్ళు పోతే 50 శాతం. బొటనవేలు వేరే లెక్క.

కేసు వచ్చిన రోజు కాగితాల మీద మూడు వేళ్ళే ఉన్నాయి. ముప్పై శాతమంటే 5,89,869. కుర్రాడు నా ఎదురుగా కూర్చుని టీ గ్లాసు అందుకున్నప్పుడు ఎడమ చిటికెన వేలు కదలడం లేదని చూశాను. ఆ షెడ్యూలు చివర ఒక చిన్న నోట్ ఉంది. ఒక అంగం ఉన్నా, దాని వాడకం పూర్తిగా, శాశ్వతంగా పోతే, ఆ అంగం పోయినట్టే లెక్క. అప్పుడు నాలుగు వేళ్ళు పోయినట్టు, యాభై శాతం, 9,83,115. దాదాపు నాలుగు లక్షల తేడా ఒక్క బిగుసుకుపోయిన వేలి దగ్గర ఉంది.

దీనికి సర్టిఫికెట్లో వాడే మాటలు ముఖ్యం. డాక్టర్లు మామూలుగా ‘కదలిక తగ్గింది’ అని రాస్తారు. తగ్గింది అంటే కొంత ఉన్నట్టు. ఎముకల డాక్టరు గారికి షెడ్యూలు నోట్ చూపించి, మీ పరీక్షలో ఏం కనిపిస్తే అదే రాయండి, కానీ కదలిక ఎంత ఉందో డిగ్రీల్లో రాయండి అని అడిగాం. ఆయన కొలిచి, ఏ కీలులోనూ కదలిక లేదని, తిరిగి వచ్చే అవకాశం లేదని రాశారు. సాక్ష్యం చెప్పడానికి వచ్చి క్రాస్‌లోనూ అదే నిలబెట్టారు. సదరం సర్టిఫికెట్లో ఉండే వైకల్యం శాతానికీ ఈ షెడ్యూలు శాతానికీ సంబంధం లేదు. రెండూ కలిపేసి తక్కువకి ఒప్పుకుంటున్న కేసులు చూస్తూనే ఉన్నాను.

వంద శాతం అడగొచ్చు కదా అని ఓ మిత్రుడు అన్నాడు. 1975లో సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో, ఎడమ చెయ్యి మోచేతి పైకి పోయిన వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి వంద శాతం నష్టమేనంది. డ్రిల్లు రెండు చేతులతో పట్టాల్సిన పని కాబట్టి అదే వాదన ఇక్కడా చేయొచ్చు. చేశాను, కానీ రెండో వాదనగా. వేళ్ళకి షెడ్యూలులో స్పష్టంగా శాతం ఉన్నప్పుడు దాన్ని దాటించడం అంత తేలిక కాదు. పెద్ద అంకె మీద అప్పీలూ గట్టిగానే నడుస్తుంది.

స్టాంపు పేపరు

అరవై వేలకి సంతకం పెట్టేశాడు కదా, ఇంకేం ఉంది అని ఊళ్ళో అందరూ అన్నారట. ఇంకా చాలా ఉంది. పరిహారం గురించి చేసుకున్న ఒప్పందాన్ని 28వ సెక్షన్ కింద కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. ఆయనకి మొత్తం తక్కువనిపించినా, మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నారనిపించినా నమోదు చేయరు. నమోదు చేయకపోతే 29వ సెక్షన్ ప్రకారం యజమాని పూర్తి పరిహారం కట్టాల్సిందే. పైగా, కమిషనర్ వేరేగా చెబితే తప్ప, తానిచ్చిన దాంట్లో సగానికి మించి మినహాయించుకోవడానికి వీల్లేదు. అంటే ఆ అరవై వేలలో ముప్పై వేలే తగ్గుతాయి. ఆసుపత్రి బిల్లు కూడా మినహాయించమని అడిగారు. వైద్యానికి పెట్టిన డబ్బు పరిహారం కిందికి రాదని చట్టమే చెబుతోంది.

ఇంకో విశేషం. ‘నా సొంత పనిలో దెబ్బ తగిలింది’ అని రాయించుకున్న ఆ కాగితాన్ని వాళ్ళే దాఖలు చేశారు. సొంత పనిలో దెబ్బ తగిలిన ముక్కూమొహం తెలియనివాడికి అరవై వేలు ఎందుకిచ్చారన్న ప్రశ్న దాంతోపాటే వచ్చింది. మా వైపు ఐదో సాక్ష్యంగా అదీ పనికొచ్చింది.

పక్క దారులు

అడ్వాన్సు తీసుకుని వచ్చాడు కాబట్టి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 కింద వెళ్దామని ఒక స్వచ్ఛంద సంస్థ మిత్రులు గట్టిగా అడిగారు. అడ్వాన్సు ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఇతను మధ్యలో రెండుసార్లు ఇంటికి వెళ్ళి, తనంతట తాను తిరిగొచ్చాడు. ఆ దారిలో పోతే మేస్త్రీ జైలుకి పోతాడు, లీజుదారు బయట ఉంటాడు. నేను ఒప్పుకోలేదు.

స్థానిక కూలీకీ వలస కూలీకీ తేడా కూలి రేటులో కంటే దెబ్బ తగిలిన తర్వాత బాగా తెలుస్తుంది. చీమకుర్తి మండలం మనిషికి వేళ్ళు తెగితే సాయంత్రానికి క్వారీ గేటు ముందు ఊరి పెద్దలు, కులం పెద్దలు, యూనియన్ వాళ్ళు కూర్చుంటారు. అక్కడే ఓ అంకె తేలుతుంది. వలస మనిషి వెనక నిలబడేవాడు మేస్త్రీ ఒక్కడే, ఆ మేస్త్రీ బతుకు యజమాని చేతిలో ఉంటుంది. చావు సంగతి వేరు. 2025 ఆగస్టు 3న బల్లికురవ దగ్గర క్వారీలో బండలు విరిగిపడి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. ఆ మండలం 2022 జిల్లాల విభజనకి ముందు మన ప్రకాశంలోదే, ప్రమాదం నాటికి బాపట్లలో ఉంది. అంత మంది పోతే అధికారులు, టీవీలు, ప్రభుత్వాలు వచ్చాయి. మూడు వేళ్ళు పోతే జీపు వస్తుంది.

ఆర్డరు, తర్వాత

కమిషనర్ 50 శాతం ఒప్పుకున్నారు. 9,83,115లో ముప్పై వేలు తీసేసి 9,53,115, దానిమీద 12 శాతం వడ్డీ. కట్టాల్సింది లీజుదారు. కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకునే హక్కు ఆయనకి ఉంచారు. లీజుదారు బీమా కంపెనీ మాత్రం బాధ్యత నుంచి తప్పించుకుంది. పాలసీలో కాంట్రాక్టరు మనుషుల్ని చేర్చడానికి అదనపు ప్రీమియం కట్టాలి, లీజుదారు కట్టలేదు. బీమా ఉందంటే నిశ్చింతగా ఉండొద్దని చెప్పడానికి ఇది రాస్తున్నాను. పాలసీ కాపీ తెప్పించి, ఎవరెవరికి వర్తిస్తుందో చదవాలి.

నెలలోపు కట్టనందుకు యాభై శాతం దాకా వేయగల పెనాల్టీ మీద షోకాజ్ నోటీసు వేరే నడుస్తోంది. పెనాల్టీ ఎటూ బీమా కంపెనీ మీద పడదు, 1997లోనే సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఈ పరిహారం సంగతులన్నీ సామాజిక భద్రతా కోడ్‌లోకి వెళ్ళాయి. ఈ కేసు పాత చట్టం కిందిది. ఇకముందు వచ్చే కేసుల్లో సెక్షన్ల నంబర్లు మారతాయి. ఇంటి నుంచి పనికి వెళ్ళే దారిలో జరిగే ప్రమాదాలు కూడా కొన్ని షరతులతో లోపలికొచ్చాయి. కార్మికులకు నియామక పత్రం ఇవ్వాలని ఇంకో కోడ్ చెబుతోంది. క్వారీ షెడ్డులో ఆ పత్రం చేతిలో ఉన్న కూలీని ఇంకా చూడలేదు. అది కనిపించేదాకా కొట్టు పుస్తకాలే వెతుక్కోవాలి.

యజమాని అప్పీలుకి వెళ్ళాలంటే ముందు మొత్తం డిపాజిట్ చేయాలి. లీజుదారు డిపాజిట్ చేసి హైకోర్టుకి వెళ్ళాడు. అందులో సగం విడుదలకి అనుమతి వచ్చింది, తల్లి పేరు కూడా కలిపి ఫిక్సెడ్ డిపాజిట్ వేయించాం.

కుర్రాడు మళ్ళీ చీమకుర్తిలోనే ఉన్నాడు. ఇంకో క్వారీలో అదే మేస్త్రీ ముఠాకి కొలతలు, హాజరు రాసిపెడుతున్నాడు. దీన్ని ఫోటో తీసి, అతను సంపాదించుకుంటున్నాడు కాబట్టి నష్టమేమీ లేదని అప్పీల్లో అదనపు అంశంగా చేర్చారు. షెడ్యూలులో ఉన్న గాయానికి శాతం చట్టమే కట్టింది, తర్వాత ఎంత సంపాదిస్తున్నాడన్నదానికీ దానికీ సంబంధం లేదని జవాబు దాఖలు చేశాం. విచారణకి రావాల్సి ఉంది.